స్తంభంతో మాట, చుట్టతో వినికిడి

(స్వర్ణోత్సవ సభల రెండో రోజు ఉదయం, మన బడి ఆవరణలో చేసిన ప్రసంగ పాఠం)

  

సంఘం కార్యదర్శి గారు ఫోన్ చేసి, "అరగంట మాట్లాడాలి, నీకు బాగా తెలిసిన విషయం ఏదైనా సరే" అన్నారు. నాకు బాగా తెలిసింది హామ్ రేడియో ఒక్కటే. అందులోనూ ముప్పై ఏళ్లుగా నన్ను వదలని తగువు ఒకటుంది. తక్కువ పౌనఃపున్యాల మీద మాట్లాడుకోవడానికి నిలువు స్తంభం లాంటి ఏరియల్ మంచిదా, చుట్ట లాంటి ఏరియల్ మంచిదా అని. హామ్‌లు మొదటిదాన్ని వర్టికల్ అంటారు, రెండోదాన్ని లూప్ అంటారు. ఈ అరగంటా నేను స్తంభం, చుట్ట అనే అంటాను. చుట్ట అంటే మన తాతలు అరుగు మీద కూర్చుని కాల్చింది కాదు. తీగచుట్ట.

ముందు హామ్ రేడియో అంటే ఏమిటో రెండు మాటలు. కేంద్ర టెలికం శాఖ పెట్టే పరీక్ష పాసైతే లైసెన్సు, ఒక పిలుపు గుర్తు ఇస్తారు. మన దేశంలో అది ఎక్కువగా వీయూ2 అనో వీయూ3 అనో మొదలవుతుంది. దాంతో ఇంట్లో రేడియో పెట్టుకుని, వ్యాపారం లేకుండా, ఊరికే ప్రయోగాల కోసం, స్నేహం కోసం ప్రపంచంలో ఎవరితోనైనా మాట్లాడొచ్చు. తుఫాన్లు, వరదలు వచ్చి ఫోన్లు మూగబోయినప్పుడు మాత్రం ఆ ఊరికే చేసే పని అక్కరకు వస్తుంది.

హామ్‌లకు ఇచ్చిన బ్యాండ్లలో కింది మెట్ల మీద ఉన్నవి 160 మీటర్లు, 80 మీటర్లు, 40 మీటర్లు. మీటర్లు అంటే తరంగదైర్ఘ్యం. మాస్టారు చెప్పిన లెక్క గుర్తుందిగా, 300ని మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే మీటర్లు వస్తాయి. 1.85 మెగాహెర్ట్జ్ దగ్గర అల పొడవు 162 మీటర్లు. యాంటెన్నా సుఖంగా పనిచేయాలంటే ఆ పొడవులో కనీసం నాలుగో వంతు ఉండాలి. అంటే 40 మీటర్ల స్తంభం, పదమూడు అంతస్తుల మేడంత. ఎవరింట్లో పెడతాం? మన గొడవంతా ఇక్కడ మొదలైంది. అల పెద్దది, పెరడు చిన్నది.

తీగను అడ్డంగా కట్టుకోవచ్చు కదా అంటారు. కట్టుకోవచ్చు. కానీ 162 మీటర్ల అలకు మన మేడ మీద పది మీటర్ల ఎత్తున కట్టిన తీగ నేల మీద పడి ఉన్నట్టే లెక్క. దాని శక్తి చాలావరకు ఆకాశంలోకి నిట్టనిలువుగా పోతుంది. పక్క జిల్లాతో మాట్లాడటానికి అది పనికొస్తుంది, సముద్రాలు దాటడానికి చాలదు. నిలువు స్తంభం అలా కాదు, నేల వెంబడి, దిగంతం వైపు అలను తోస్తుంది. ఆకాశవాణి మీడియం వేవ్ కేంద్రాల దగ్గర పొలాల మధ్య ఎత్తైన ఇనుప మాస్టు చూసే ఉంటారు. అది యాంటెన్నాను మోసే స్తంభం అనుకుంటారు చాలామంది. కాదు, ఆ మాస్టే యాంటెన్నా. 837 కిలోహెర్ట్జ్ మీద విజయవాడ వార్తలు మన ఊళ్లలో వినిపించింది అలాంటి స్తంభం పుణ్యమే.

లైసెన్సు వచ్చిన కొత్తలో నేనూ స్తంభమే పెట్టాను. విశాఖలో మా ఇంటి పెరట్లో, 12 మీటర్ల జీఐ పైపు, అడుగున సీసా పింగాణీ, పొడవు చాలక ఒక పెద్ద కాయిలు. స్తంభానికి నేల అద్దం లాంటిది, స్తంభం సగమైతే నేల మిగతా సగం. అందుకని పైపు మొదలు నుంచి నాలుగు వైపులా నాలుగు తీగలు నేలలో పాతాను. మీటరు పెట్టి చూస్తే ఎస్‌డబ్ల్యూఆర్ ఒకటికి ఒకటి. హామ్‌లకు అది పదో తరగతి లెక్కల్లో నూటికి నూరు లాంటిది. ఇంటిల్లిపాదికీ చూపించాను. ఆ తర్వాత మూడు నెలలు పిలిచాను. ఒక్కడూ పలకలేదు.

మా ఊళ్లో ఒక పెద్దాయన, నాకంటే సీనియర్ హామ్, వచ్చి చూసి నవ్వాడు. "నీ స్తంభం ప్రసార నిరోధం ఎంతో లెక్కకట్టావా?" అన్నాడు. కట్టాను. అంత పొట్టి స్తంభానికి వచ్చేది 2 ఓమ్‌లు. మీటరు చూపిస్తున్నది 50. మరి మిగతా 48 ఓమ్‌లు ఏమిటి? కాయిలు వేడెక్కడం, ముఖ్యంగా మట్టి వేడెక్కడం. అంటే నేను 100 వాట్లు పంపితే 4 వాట్లు గాలిలోకి పోతున్నాయి, 96 వాట్లతో పెరట్లో వానపాములకు చలి కాచుకునే ఏర్పాటు చేస్తున్నాను. ఎస్‌డబ్ల్యూఆర్ బాగుందంటే శక్తి తీగలోకి దిగుతోందని మాత్రమే అర్థం, అలగా బయటికి పోతోందని కాదు. ఒక 50 ఓమ్‌ల రెసిస్టరు తగిలించినా మీటరు నూటికి నూరు మార్కులు వేస్తుంది.

అప్పుడు నేలలో తీగలు పెంచుతూ పోయాను. పాత టెలిఫోను తీగ, ఇంటి వైరింగు మార్చినప్పుడు మిగిలింది, దొరికిందల్లా. ఎనిమిది, పదహారు, ముప్పై రెండు. వింత ఏమిటంటే, తీగలు పెరిగేకొద్దీ మీటరు చెడ్డగా చూపించడం మొదలుపెట్టింది. నిరోధం 50 నుంచి 22 దాకా దిగింది. కానీ మీటరు చెడిన కొద్దీ జనం పలకడం మొదలుపెట్టారు. 100లో 4 వాట్లు పోయేచోట 9, 10 వాట్లు పోతున్నాయి మరి. ఇది నేను కనిపెట్టిందేమీ కాదు. అమెరికాలో బ్రౌన్, లూయిస్, ఎప్‌స్టీన్ అనే ముగ్గురు ఇంజనీర్లు 1937లోనే, 113 తీగల దాకా నేలలో పాతి, కొలిచి, ప్రచురించారు. చదివి ఉంటే మూడు నెలలు మిగిలేవి. హోంవర్కు చేయని వాడికి జరిగేదే నాకూ జరిగింది.

ఇప్పుడు రెండో చిక్కు. అవతలివాళ్లు నన్ను వింటున్నారు, నేను వాళ్లను వినలేకపోతున్నాను. హామ్‌ల భాషలో ఇలాంటి స్టేషన్‌ని మొసలి అంటారు. నోరు పెద్దది, చెవులు చిన్నవి. నన్ను పిలుస్తున్నారని తర్వాత ఉత్తరాల వల్ల తెలిసేది. నా హెడ్‌ఫోన్లలో మాత్రం ఎప్పుడూ ఒకటే హోరు. ఫ్యాను రెగ్యులేటర్లు, సెల్‌ఫోను చార్జర్లు, ఎల్‌ఈడీ బల్బులు, ఇన్వర్టర్లు, వీధి స్తంభం మీద పగిలిన పింగాణీ. తక్కువ పౌనఃపున్యాల మీద ఇవన్నీ గొంతు చించుకుని అరుస్తాయి. స్తంభం నాలుగు దిక్కులా ఒకేలా వింటుంది. పక్కింటి చార్జరుకీ, పది వేల కిలోమీటర్ల అవతలి మనిషికీ తేడా చూపించదు. స్తంభం ఇంకా ఎత్తు పెంచితే గొంతు పెరుగుతుంది, హోరూ అంతే పెరుగుతుంది.

నిన్న సాయంత్రం టిఫిన్ల దగ్గర మన సైన్స్ మాస్టారిని అడిగాను, "మాస్టారూ, చెవి మిషను బాగా పనిచేస్తోందా?" అని. ఆయన అన్నారు: "గట్టిగా వినిపిస్తోందిరా. కానీ నాకు కావలసింది గట్టిగా కాదు, విడిగా." ఈ రోజు నేను చెప్పబోయేది ఆయన ఆ ఒక్క మాటలో చెప్పేశారు. వినడానికి కావలసింది గట్టితనం కాదు, విడదీయడం. విడదీసే పని చుట్టది.

చుట్ట ఎలా వింటుందో మీ అందరికీ తెలుసు, మర్చిపోయారంతే. పదో తరగతిలో మాస్టారు బల్ల మీద ఒక తీగచుట్ట పెట్టి, గాల్వనామీటరు కలిపి, అయస్కాంతాన్ని చుట్టలోకి తోసి బయటికి లాగారు. ముల్లు అటూ ఇటూ ఊగింది. అందరం చప్పట్లు కొట్టాం. తర్వాత ఆయన అయస్కాంతాన్ని చుట్ట తలానికి సమాంతరంగా అడ్డంగా పట్టుకుని పక్క నుంచి జరిపారు. ముల్లు కదలలేదు. "ఎందుకు కదల్లేదు?" అన్నారు. ఎవరం చెప్పలేదు. బల్రేఖలు చుట్టను గుచ్చుకుని పోవాలి, ఒరుసుకుని పోతే లాభం లేదు. ఆ కదలని ముల్లే చుట్ట యాంటెన్నా గొప్పతనమని నాకు పాతికేళ్ల తర్వాత తెలిసింది.

చుట్టను గోడకు తగిలించిన సైకిల్ చక్రంలా నిలబెట్టండి. చక్రం అంచు వైపు నుంచి వచ్చే అలను అది బాగా వింటుంది. ఇరుసు వైపు నుంచి వచ్చే అలకు చెవిటిది. ఆ చెవిటి దిక్కు చాలా సన్నగా, చాలా లోతుగా ఉంటుంది. చుట్టను నెమ్మదిగా తిప్పి ఆ దిక్కు పక్కింటి చార్జరు మీదికి తెస్తే చార్జరు మాయమవుతుంది. మిగతా లోకం అలాగే వినిపిస్తుంది.

నమ్మకం లేకపోతే ఇదిగో, ఇంటి నుంచి పాత ట్రాన్సిస్టరు తెచ్చాను. మన చిన్నప్పుడు రాత్రిపూట రేడియోలో పాటలు గరగరమంటే నాన్నగారు ట్రాన్సిస్టరును బల్ల మీద అటూ ఇటూ తిప్పేవారు గుర్తుందా? లోపల నల్లటి ఫెర్రైట్ కడ్డీ, దాని మీద సన్నటి తీగచుట్ట ఉంటాయి. అదీ చుట్ట యాంటెన్నాయే. ఇప్పుడు ఈ చార్జరు దగ్గర పెడతాను. వింటున్నారా, గుర్రుమంటోంది. ఇప్పుడు రేడియోను తిప్పుతాను... ఇక్కడ. పోయిందా? నాన్నగారికి యాంటెన్నా సిద్ధాంతం తెలియదు. చేతికి తెలుసు.

నా చుట్ట ఖర్చు చాలా తక్కువ. రెండు పీవీసీ గొట్టాలు అడ్డంగా కట్టి, మీటరు భుజం ఉన్న చతురస్రంలా నాలుగు చుట్లు మామూలు ఇంటి తీగ. పాత రేడియోలోంచి తీసిన గ్యాంగు కండెన్సరు ఒకటి, సుమారు 150 పికోఫారడ్ల దగ్గర 160 మీటర్ల బ్యాండ్ పట్టుకుంటుంది. లోపల విడిగా ఒక చిన్న చుట్టు వేసి దాన్ని రిసీవరుకు కలిపాను. మొదటి రాత్రి దాన్ని చూసి నిరాశపడ్డాను. స్తంభం మీద సగం దాటి ఊగే మీటరు ముల్లు చుట్ట మీద అసలు లేవనే లేదు. తర్వాత ఇంట్లో ఏ మూల నుంచి హోరు వస్తోందో వెతుకుతూ చుట్టను తిప్పాను. హోరు కుంగిపోయింది. దాని కింద నుంచి మోర్సు చుక్కలు, గీతలు, పలచగా, శుభ్రంగా వినిపించాయి. స్తంభానికి మారిస్తే ముల్లు ఎగిరింది, మోర్సు మునిగిపోయింది. చుట్టకు మారిస్తే ముల్లు పడుకుంది, మోర్సు తేలింది. ముల్లు చూసి కాదు, చెవితో విని తీర్పు చెప్పాలని ఆ రాత్రి నేర్చుకున్నాను.

మరి అంత బలహీనంగా వినే చుట్టతో నష్టం లేదా అని ఎవరైనా అడగొచ్చు. ఈ బ్యాండ్ల మీద లేదు. ఇక్కడ హోరు రిసీవరులో పుట్టదు, బయటి నుంచి వస్తుంది. చుట్ట సంకేతాన్నీ, హోరునూ కలిపి తగ్గిస్తుంది. తగ్గిన రెంటినీ పెంచుకోవడానికి ఒక చిన్న యాంప్లిఫయరు చాలు. వాటి మధ్య నిష్పత్తి బాగుందా లేదా అన్నదే లెక్క.

ఒక అపోహ కూడా చెప్పాలి. "చుట్ట అయస్కాంత క్షేత్రాన్నే వింటుంది, రొదంతా విద్యుత్ క్షేత్రంలో ఉంటుంది, కాబట్టి చుట్టకు రొద రాదు" అని చాలామంది రాస్తారు. సగమే నిజం. దూరం నుంచి వచ్చే అలలో రెండు క్షేత్రాలూ ఆలుమగల్లా కలిసే వస్తాయి, ఒకటి వచ్చి ఒకటి రాకపోవడం ఉండదు. ఆ తేడా కనిపించేది అల పొడవులో ఆరో వంతు లోపల, అంటే 160 మీటర్ల బ్యాండ్ మీద సుమారు 26 మీటర్ల లోపల. మన ఇల్లు, పక్కిల్లు. అక్కడ కూడా కొన్ని రొదలు స్తంభానికి ఎక్కువ అంటుకుంటాయి, కొన్ని చుట్టకే ఎక్కువ అంటుకుంటాయి. చుట్ట వల్ల అసలు లాభం రెండు. తిప్పి ఒక దిక్కును చంపగలం. చిన్నది కాబట్టి రొదకు దూరంగా పెరటి చివరకు మోసుకుపోగలం. హోరు నాలుగు వైపుల నుంచీ వస్తే మాత్రం తిప్పి లాభం లేదు, మోసుకుపోవడమే గతి. ఆకాశంలో మెరుపుల చిటపటలు దేనికైనా వస్తాయి.

చుట్ట తలకెక్కింది. ఇంక స్తంభంతో పనేముంది, చుట్టతోనే ప్రసారం కూడా చేద్దాం అనుకున్నాను. లెక్క కట్టాను. రెండు మీటర్ల వ్యాసం, వేలెడు లావు రాగి గొట్టంతో చుట్ట చేసినా 1.85 మెగాహెర్ట్జ్ దగ్గర దాని ప్రసార నిరోధం అర మిల్లీ ఓమ్ కూడా లేదు. రాగి నష్టం దానికి డెబ్బై రెట్లు. నూటికి ఒకటిన్నర వాట్లు బయటికి పోతాయి. పైగా 100 వాట్లు పెడితే చుట్టలో 50 ఆంపియర్లకు పైగా పారుతుంది, కండెన్సరు మీద వేల వోల్టులు నిలబడతాయి. శ్రుతి ఎంత సన్నగా ఉంటుందంటే మనిషి మాట పట్టడమే కష్టం. పై బ్యాండ్లలో, మేడల్లో అద్దెకుండే వాళ్లకు అలాంటి చుట్ట గొప్ప వరమే. కింది బ్యాండ్లలో ప్రసారానికి మాత్రం నా పేద స్తంభమే దానికంటే ఆరేడు రెట్లు మెరుగు. కాగితం మీద లెక్క ఇంత స్పష్టంగా ఉన్నా, దాని అర్థం నాకు ఒంటికి పట్టింది 2014లో.

అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్. మధ్యాహ్నం వేళకు తీరం దాటింది. గంటకు 170, 180 కిలోమీటర్ల గాలి. మా వీధిలో చెట్లు ఎవరో వేళ్లతో సహా పెరికి పెట్టినట్టు పడ్డాయి. నా స్తంభం మూడు ముక్కలైంది. సాయంత్రానికి కరెంటు లేదు, ఫోన్లు లేవు, నగరమంతా చీకటి.

రాత్రి రేడియోను బ్యాటరీకి తగిలించాను. స్తంభం లేదు, హాల్లో చుట్ట ఉంది. ఫ్రేము మీద నాలుగు చుట్లు విప్పి ఒంటి చుట్టు వేసి 7 మెగాహెర్ట్జ్‌కు శ్రుతి చేశాను. స్విచ్ వేయగానే రేడియో చెడిపోయిందనుకున్నాను. హోరు లేదు. ఊళ్లో ఒక్క చార్జరు లేదు, ఒక్క బల్బు లేదు, ఒక్క ఇన్వర్టరు లేదు. ఇన్నేళ్లుగా నేను ఆకాశం రొద అనుకున్నదంతా మన ఇళ్ల రొద. బ్యాండ్ బావినీళ్లలా తేటగా ఉంది. ఎక్కడెక్కడి గొంతులో వినిపిస్తున్నాయి. వాటి మధ్య ఒక స్టేషను పిలుస్తోంది, విశాఖపట్నంలో ఎవరైనా ఉంటే పలకండి అని. మళ్లీ, మళ్లీ.

నేను పలికాను. వాళ్లకు వినిపించలేదు. మైకు పట్టుకుని అరిచాను, దానివల్ల లాభం లేదని తెలిసీ. పవరు పెంచాను. పది వాట్లు దాటగానే గ్యాంగు రేకుల మధ్య నిప్పురవ్వలు లేచాయి.

పక్కింటి మామ్మగారు ఒంటరిగా భయపడుతున్నారని మా ఇంటికి తెచ్చుకున్నాం. ఆవిడ కొవ్వొత్తి పక్కన కూర్చుని ఇదంతా వింటున్నారు. కాసేపటికి అడిగారు. "నాయనా, వాళ్లు అంతలా పిలుస్తుంటే నువ్వు పలకవేం?"

ఆవిడకు ఏం చెప్పను? ఈ చుట్టకు చెవులే ఉన్నాయి, నోరు లేదు అని చెప్పాను. ఆవిడకు అర్థమైందో లేదో గానీ, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పదేళ్లపాటు స్తంభం గొప్పదా, చుట్ట గొప్పదా అని వాదించుకున్నాను. మొదట్లో పిలిచి, పలికినవాళ్లను వినలేకపోయాను. ఆ రాత్రి విని పలకలేకపోయాను. రెండూ ఒక జబ్బే.

తెల్లారాక విరిగిన పైపుల్ని పక్కన పెట్టి, దొరికిన తీగ పది మీటర్లు కొలిచాను. 7 మెగాహెర్ట్జ్‌కు పావు అల అంతే. సగం విరిగి నిలబడిన వేపచెట్టు కొమ్మ మీదికి రాయి కట్టి విసిరి తీగను నిలువుగా లాగాను. నేల మీద ఇంకో నాలుగు తీగలు పరిచాను. స్తంభం అంటే అంతే, అందం అక్కర్లేదు. పిలిచాను. మూడోసారికి పలికారు. నేను వేపచెట్టు తీగతో మాట్లాడుతూ, హాల్లో చుట్టతో వింటూ మా వీధివాళ్ల క్షేమ సమాచారాలు ఒక్కొక్కటే చెప్పాను. పేరు, ఫోను నంబరు, "క్షేమంగా ఉన్నాం" అనే రెండు ముక్కలు. అలా పదకొండు ఇళ్లు. మామ్మగారి అబ్బాయి నంబరు మొదటిది. గంట తర్వాత అవతలి స్టేషను పిలిచి, అబ్బాయితో మాట్లాడాం, ఏడుస్తున్నాడు, అమ్మను బయటికి రావద్దని చెప్పమన్నాడు అని కబురు చెప్పింది. ఆ మాట మామ్మగారు చుట్టలోంచి స్వయంగా విన్నారు.

ఈ పాఠం పెద్ద ఎత్తున చూడాలంటే మన నౌకాదళాన్ని చూడండి. సముద్రపు నీటిలోకి మామూలు రేడియో అలలు దిగవు. పౌనఃపున్యం బాగా తగ్గించి కిలోహెర్ట్జ్‌ల్లోకి తెస్తే ఉపరితలం కింద కొన్ని మీటర్ల దాకా దిగుతాయి. అందుకే తమిళనాడులో తిరునెల్వేలి దగ్గర ఐఎన్ఎస్ కట్టబొమ్మన్ అనే కేంద్రం 1990 నుంచి ఉంది. అలాంటిదే రెండోది మన తెలంగాణలో, వికారాబాద్ జిల్లా దామగుండం అడవిలో కట్టడానికి 2024 అక్టోబరులో శంకుస్థాపన చేశారు. అడవి గురించి జనానికి ఉన్న ఆందోళన వేరే చర్చ, దానికి నేను దిగను. యాంటెన్నా మాటే చెబుతాను. ఒడ్డున మాట్లాడటానికి ఆకాశాన్నంటే స్తంభాలు. నీటి అడుగున జలాంతర్గామి వినడానికి చిన్న చుట్టలు, లేదా వెనక ఈడ్చుకుపోయే తీగ. అక్కడా చుట్ట వింటుంది గానీ, అదే అలల మీద తిరిగి పలకలేదు. దేశాల బడ్జెట్లున్న వాళ్లు కూడా మా పెరటి సూత్రాన్నే పాటిస్తున్నారు.

హామ్‌లకు కూడా అంతర్జాతీయ రేడియో సదస్సు 2007లో 136 కిలోహెర్ట్జ్ దగ్గర చిన్న ముక్క కేటాయించింది. అక్కడ అల పొడవు రెండు కిలోమీటర్ల పైమాటే. పది మీటర్ల స్తంభానికి ప్రసార నిరోధం 8 మిల్లీ ఓమ్‌లు. 100 వాట్లు పెడితే గాలిలోకి పోయేది ఒక వాట్‌లో నూరో వంతు. అయినా ఐరోపాలో ఆ పిసరంతతోనే, అవతల తెలివైన చెవులు పెట్టుకుని, అక్షరం అక్షరం నెమ్మదిగా పంపుతూ వందల కిలోమీటర్లు మాట్లాడుకుంటారు.

చివరగా, స్తంభాన్నీ చుట్టనూ కలిపితే వచ్చే లాభం ఒకటి చెప్పి ముగిస్తాను. చుట్టకు ఒక లోపం ఉంది. అంచు వైపు వింటుంది, కానీ ఎదురు అంచునా, వెనక అంచునా చెప్పలేదు. దిక్కు రేఖ తెలుస్తుంది గానీ, ఆ రేఖ మీద ఏ పక్కనో తెలియదు. స్తంభానికి దిక్కే తెలియదు. రెండిటి సంకేతాలూ తగిన పాళ్లలో కలిపితే ఒక పక్క కూడుకుంటాయి, రెండో పక్క కొట్టేసుకుంటాయి. అప్పుడు మనిషి ఎక్కడున్నాడో తెలుస్తుంది. 3.5 మెగాహెర్ట్జ్ మీద హామ్‌లు ఆడే దాగుడుమూతల పోటీల్లో ప్రతి పిల్లవాడి చేతిలో ఉండే పరికరం ఇదే. ఒక చిన్న చుట్ట, పక్కన ఒక చిన్న పుల్ల. పోటీలుపడే రెండు పక్షాల్ని కలిపితే, విడివిడిగా ఏదీ చెప్పలేని సంగతి చెబుతాయి.

ఇందాకటి మీటరు చుట్ట, దాని గ్యాంగు, ఫెర్రైట్ కడ్డీలు రెండు తెచ్చాను. ప్రధానోపాధ్యాయుల వారి అనుమతితో వాటిని మన సైన్స్ లాబ్‌లో పెట్టి వెళ్తాను. ఉన్న విద్యార్థులకు ఒక్కటే మనవి. వినడానికి లైసెన్సు అక్కర్లేదు, రేపే మొదలుపెట్టండి. పన్నెండేళ్లు నిండినవాళ్లు పరీక్షకు కూర్చోవచ్చు. పాఠాలు చెప్పడానికి ఆదివారాలు నేనొస్తాను. ఉరుము వినిపిస్తే మాత్రం బయటి యాంటెన్నా తీగ పీకేయడం మొదటి పాఠం.

మాస్టారూ, ముల్లు ఎందుకు కదల్లేదని ఆ రోజు మీరడిగారు. క్లాసులో ఎవరం పలకలేదు. కాస్త ఆలస్యమైంది, ఇప్పుడు పలికాను. క్షమించాలి.